పాత మేనేజర్ ఫోన్లో చెడుగా చెబుతున్నారు, కొత్త ఉద్యోగం ఆగిపోతోంది. ఏం చేయాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మీది పాలకొల్లు వైపు. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నాలుగేళ్లు క్వాలిటీ సూపర్‌వైజర్‌గా చేశారు. మీరు డ్యూటీలో లేని షిఫ్టులకు కూడా టెంపరేచర్ రిజిస్టర్లో సంతకం పెట్టమన్నారని మేనేజర్‌తో మాటా మాటా పెరిగింది. నెల రోజుల నోటీసు ఇవ్వాల్సి ఉండగా పది రోజులకే వచ్చేశారు. తర్వాత రెండు చోట్ల ఇంటర్వ్యూలు బాగా అయ్యి, జీతం కూడా మాట్లాడుకున్నాక వాళ్లు ఫోన్లు ఎత్తడం మానేశారు. అందులో ఒకచోట పనిచేసే మీ ఫ్రెండు, 'మీ పాత మేనేజర్‌ని అడిగారట, ఆయన బాగా చెప్పలేదట' అన్నాడు. ఇప్పుడు ఆ నాలుగేళ్లు రెజ్యూమేలోంచి తీసేయాలా, లేక లాయర్ నోటీసు పంపాలా అని మీ ప్రశ్న.

రెండూ వద్దు. ఆ కంపెనీ పేరు అలాగే ఉంచండి. ఆయన మాట కొత్త కంపెనీవాళ్ల చెవిన పడేలోపే మీ మాట పడేలా చూసుకోండి. మీ పని కళ్లారా చూసిన ఇంకో ఇద్దరి నంబర్లు ఇవ్వండి. నోటీసు బాకీ తేల్చేసి, కాగితాలు సరిచేసుకోండి. లాయర్ సంగతి ఆ తర్వాత, అదీ అవసరమైతేనే.

నేను ఈ జిల్లాల్లో మేత ఫ్యాక్టరీలకు, రొయ్యల ప్లాంట్లకు హెచ్ఆర్‌గా చాలా ఏళ్లు చేశాను. ఇప్పుడు కాకినాడ నుంచి భీమవరం దాకా కొన్ని కంపెనీలకు మనుషుల్ని చూసిపెడుతున్నాను. అంటే మీలాంటి వాళ్ల గురించి పాత కంపెనీకి ఫోన్ చేసి అడిగేది నేనే. కాబట్టి అవతలి వైపు కుర్చీలోంచి ఇది ఎలా కనబడుతుందో చెబుతాను.

ముందు ఒక అనుమానం తీర్చుకోండి. ఫోన్ ఎత్తని ప్రతి కంపెనీ రిఫరెన్స్ వల్లే ఎత్తడం లేదనుకోకండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లాక రొయ్యల ప్లాంట్లలో ఆర్డర్లు ఎలా ఊగాయో మీరు చూసే ఉంటారు. జీతం మాట్లాడాక కూడా 'కొంచెం ఆగుదాం' అని ఎండీ గారు ఒక్క మాట అంటే అక్కడితో ఆగిపోతుంది. ఆ మాట అభ్యర్థికి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. మీ ఫ్రెండు చెప్పింది ఒక కంపెనీ గురించే. రెండో కంపెనీ సంగతి మీకు తెలీదు. తెలీనిదాన్ని కూడా పాత మేనేజర్ ఖాతాలో వేసి నిద్ర పాడుచేసుకోవద్దు.

ఇక ఆ మొదటి కంపెనీ. మన దగ్గర రిఫరెన్స్ అంటే ఉత్తరం కాదు, ఫారం కాదు. ఒక ఫోను. అది ఎలా నడుస్తుందో వినండి.

"ఆయ్, చేశాడండీ మా దగ్గర."

"పని ఎలా చేసేవాడండీ?"

కాసేపు ఏమీ వినబడదు. వెనకాల కంప్రెసర్ మోత మాత్రం వస్తుంటుంది.

"పనోడేనండీ... ఎందుకులెండి ఇప్పుడు అవన్నీ. మీరే చూసుకుని తీసుకోండి."

అంతే. ఒక్క చెడ్డమాట అనలేదు. రేపు మీరు వెళ్లి నిలదీసినా 'నేనేమన్నాను, పనోడనే చెప్పాను కదా' అంటారు. కానీ వినేవాడికి ఏమనిపిస్తుంది? క్యాష్ కొట్టేశాడేమో. సరుకు బయటికి పంపాడేమో. ఆడవర్కర్లతో ఏదైనా గొడవేమో. నోటీసు పూర్తిగా ఇవ్వలేదన్న చిన్న సంగతి కూడా ఆ 'ఎందుకులెండి' వెనకాల పెద్ద నేరంలా కనబడుతుంది. గోదావరి జిల్లాల్లో ఎదుటి మనిషి గురించి మొహమాటం లేకుండా చెడ్డ చెప్పేవాళ్లు తక్కువ, ఇలా సగంలో ఆపేసేవాళ్లు ఎక్కువ. నన్నడిగితే తిట్టిన రిఫరెన్సే నయం. తిడితే కారణం బయటపడుతుంది, దానికి జవాబు చెప్పుకోవచ్చు.

అలాంటి జవాబు వచ్చినప్పుడు నేను ఇంకో రెండు ప్రశ్నలు వేస్తాను. డబ్బు దగ్గరగానీ స్టాకు దగ్గరగానీ తేడా ఏమైనా వచ్చిందా? మళ్లీ వస్తానంటే తీసుకుంటారా? మొదటిదానికి చాలామంది 'ఛ ఛ, అలాంటిదేం లేదండీ' అని వెంటనే అంటారు. అక్కడితో సగం భారం దిగిపోతుంది. రెండోదానికి 'తీసుకోమండీ, మధ్యలో వదిలేసి పోయాడు' అంటే అసలు సంగతి తెలిసిపోతుంది. కానీ అందరూ ఇలా గుచ్చి అడగరు. సాయంత్రంలోపు మనిషిని ఖాయం చేయాలి, చేతిలో ఇంకో ఇద్దరి రెజ్యూమేలు ఉన్నాయి అనుకున్నప్పుడు 'ఎందుకులెండి' అన్నవాణ్ణి పక్కన పెట్టేయడమే సులువు. ఆ సగంలో ఆగిన మాటను మీరే ముందుగా పూర్తిచేసి ఉంచాలి.

ఎలా చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి. ఇంటర్వ్యూలో కూర్చోగానే మొదలుపెట్టకండి. అడగకుండానే సంజాయిషీ ఇచ్చుకున్నట్టుంటుంది. మీ పని గురించి మాటలయ్యాక, జీతం దగ్గరికి వచ్చినప్పుడు, వాళ్లు 'పాత కంపెనీలో ఎవర్ని అడగమంటారు' అనేలోపు చెప్పండి. మాటలు ఇంచుమించు ఇలా ఉంటే చాలు:

"సార్, ఒక సంగతి నేనే చెప్పేస్తాను. అక్కడ నేను మానేసిన పద్ధతి మేనేజర్ గారికి నచ్చలేదు. నెల నోటీసుకి పది రోజులే చేశాను. మిగతా రోజుల డబ్బు కట్టేశాను, రసీదు ఉంది. ఆయన్ని అడిగితే బాగా చెప్పకపోవచ్చు. డబ్బు, స్టాకు విషయాల్లో నా మీద ఏమీ లేదు, అది కావాలంటే ఆయన్నే అడగండి. నా పని గురించి అయితే ప్రొడక్షన్ ఇన్‌చార్జి గారిని అడగండి, నంబరు ఇస్తాను."

అర నిమిషం పట్టదు. ఇది విన్నాక నేను ఫోన్ చేస్తే, అవతల ఆయన 'ఎందుకులెండి' అన్నా నాకు సంగతి ముందే తెలుసు. పైగా 'ఇతను చెప్పిందే ఆయనా చెబుతున్నాడు' అన్న నమ్మకం కూడా వస్తుంది. డబ్బు కట్టకుండా 'కట్టేశాను' అని మాత్రం అనకండి, దాని సంగతి కింద రాశాను.

రిజిస్టర్ గొడవ గురించి ఏం చెప్పాలన్నది కొంచెం జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయం. మీరు చేసింది సరైన పనే. ఎగుమతి ప్లాంటులో ఫ్రీజర్ టెంపరేచరు రిజిస్టరు మామూలు పుస్తకం కాదు. కోల్డ్ స్టోరేజీ మైనస్ 18 డిగ్రీలకు పైకి రాలేదనడానికి ఆడిట్‌కి వచ్చినవాడికి చూపించేది అదే. కింద సంతకం క్వాలిటీవాడిది. రేపు కంటైనర్ వెనక్కి వస్తే అడిగేది ఆ సంతకం ఎవరిదని. అయినా ఇంటర్వ్యూలో 'వాళ్లు దొంగ రికార్డులు రాయిస్తారు' అని మొదలుపెడితే, కుర్చీలో ఉన్నాయన మనసులో మొదట వచ్చేది మీ నిజాయితీ మీద మెచ్చుకోలు కాదు. 'రేపు మన గురించి కూడా బయట ఇలాగే చెబుతాడు' అన్న భయం. కాబట్టి వాళ్ల తప్పు జోలికి పోకుండా మీ పద్ధతి చెప్పండి: "నేను చూడని షిఫ్టుకి నేను సంతకం పెట్టను సార్, దాని దగ్గర మాట తేడా వచ్చింది." క్యూఏ (క్వాలిటీ విభాగం) హెడ్ అయినవాడికి ఈ ఒక్క వాక్యం చాలు, మిగతాది ఆయనే అర్థం చేసుకుంటారు. ఆ వాక్యం నచ్చని కంపెనీ అయితే అక్కడా మీకు ఆర్నెల్లలో ఇదే గొడవ వస్తుంది.

రాజమండ్రి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేసిన లెక్చరర్ ఒకావిడ ఇలాగే సెమిస్టర్ మధ్యలో మానేశారు. ఇంట్లో పెద్దాయనకి ఆపరేషన్. ప్రిన్సిపాల్ గారు ఎవరు ఫోన్ చేసినా 'మధ్యలో వదిలేసింది' అనే చెప్పేవారు. అది నిజమే కూడా. మొదట్లో ఆవిడ ఆ సంగతి ఎత్తకుండా ఊరుకునేవారు, ప్రతిచోటా ఆగిపోయేది. తర్వాత నుంచి తనే చెప్పడం, ఏ యూనిట్ దాకా పాఠం చెప్పి, ఎవరికి అప్పగించి వచ్చారో ఒక కాగితం మీద చూపించడం మొదలుపెట్టారు. ప్రిన్సిపాల్ గారు మాట మార్చలేదు, ఆవిడకి ఉద్యోగం మాత్రం వచ్చింది.

కంపెనీ పేరు ఎందుకు దాచకూడదు. మీకు పీఎఫ్ కట్ అయి ఉంటే, పీఎఫ్‌వాళ్లు మీకిచ్చిన యూఏఎన్ నంబరు కింద సర్వీస్ హిస్టరీలో ఆ కంపెనీ, చేరిన తేదీ అన్నీ ఉంటాయి. కొత్త కంపెనీలో చేరేటప్పుడు అదే యూఏఎన్ ఇవ్వాలి. కొంచెం పెద్ద కంపెనీలు ఆఫర్ ఇచ్చేముందే సర్వీస్ హిస్టరీ స్క్రీన్‌షాట్ అడుగుతున్నాయి. తణుకు వైపు ఒక కుర్రాడు మేత ఫ్యాక్టరీలో పద్నాలుగు నెలలు చేసిన సంగతి రెజ్యూమేలో రాయలేదు. అక్కడి స్టోర్స్ మేనేజర్‌తో పడలేదు, చెడుగా చెబుతాడని భయం. యూఏఎన్‌లో అది కనబడింది. నేను ఆ మేనేజర్‌కే ఫోన్ చేశాను. 'కుర్రాడు కొంచెం దూకుడండీ, పని మాత్రం శుభ్రంగా చేస్తాడు' అన్నారాయన. ఇంత మంచి మాట వచ్చాక కూడా మా ఎండీ గారు వద్దన్నారు. దాచాడు కాబట్టి. దాచకపోయి ఉంటే ఆ ఉద్యోగం వచ్చేది.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. డబ్బులిస్తే వేరే కంపెనీ లెటర్‌హెడ్ మీద ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేసిపెట్టేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. ఆ నాలుగేళ్ల ఖాళీని దాంతో నింపుదామన్న ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి. నోటీసు గొడవ పోయి ఫోర్జరీ కేసు మెడకు చుట్టుకుంటుంది.

కాగితాలు. ఆయన నోటిమాటకి ఎదురుగా మీ దగ్గర ఉండాల్సినవి: అపాయింట్‌మెంట్ లెటరు, చివరి ఆర్నెల్ల జీతం స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, ఫారం 16 ఉంటే అది, పీఎఫ్ పాస్‌బుక్, మీరు రాజీనామా పంపిన మెయిలు. చివరిదానికి విలువ ఎక్కువ. సంక్రాంతికి ఊరెళ్లి కోడిపందాలు అయ్యాక కూడా తిరిగి రానివాడికీ, మీలా చెప్పి పది రోజులు పనిచేసి వచ్చినవాడికీ కొన్ని ఆఫీసుల్లో ఫైల్లో ఒకే ముక్క రాసేస్తారు, అబ్‌స్కాండ్ అని, అంటే చెప్పకుండా మాయమయ్యాడని. మెయిల్ ఉంటే ఆ ముక్క నిలబడదు. నోటితో చెప్పి వచ్చేసి ఉంటే, ఇప్పుడైనా ఫలానా తేదీన చెప్పాను, ఫలానా తేదీ దాకా పనిచేశాను అని రాసి, స్పీడ్ పోస్టులో అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. వాట్సాప్‌లో చెప్పి ఉంటే ఆ చాట్ డిలీట్ చేయకండి.

పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీ పడిందో లేదో చూసుకోండి. కోపం మీద ఉన్న కంపెనీలు చేసే చిన్న చిల్లర పని ఇదే, తేదీ వేయకుండా వదిలేస్తారు. అప్పుడు మీరు ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు కనబడుతుంది. దీనికి వాళ్ల కాళ్లు పట్టుకోనక్కర్లేదు. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పీఎఫ్ మెంబర్ పోర్టల్లో 'మేనేజ్' కింద 'మార్క్ ఎగ్జిట్'లోకి వెళ్లి, ఆధార్‌కి లింకైన ఫోనుకు వచ్చే ఓటీపీతో మీరే తేదీ వేసుకోవచ్చు. చివరి చందా ఏ నెలదో ఆ నెలలోని తేదీనే అది తీసుకుంటుంది. రాజీనామా మెయిల్లో ఉన్న తేదీతో సరిపోయేలా వేయండి, తర్వాత మార్చాలంటే పెద్ద తతంగం. చిక్కొస్తే రాజమండ్రిలో పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం ఉంది.

నోటీసు డబ్బు కట్టేయండి. మీకు ఒళ్లు మండుతుందని తెలుసు. 'తప్పుడు సంతకం పెట్టమన్నది వాళ్లయితే డబ్బు నేనెందుకు కట్టాలి' అంటారు. కట్టేది వాళ్ల కోసం కాదు. మీ గురించి వాళ్లు చెప్పగలిగిన ఒకే ఒక్క నిజం ఈ నోటీసు సంగతి. ఆ ఇరవై రోజుల జీతంతో అది తీరిపోతుంది. వాళ్లు మీకు ఇవ్వాల్సిన జీతం బకాయి ఉంటే అందులోంచి పట్టుకోమని మెయిల్ పెట్టండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాడికి కూడా రెండు పనిదినాల్లో జీతం బకాయి ఇవ్వాలి కాబట్టి, ఆ మెయిల్లో లెక్క కూడా అడగండి. లెక్క తేలాక బాకీ ఏమీ లేదన్న 'నో డ్యూస్' కాగితం గానీ, కనీసం డబ్బు అందిందన్న మెయిల్ గానీ తీసుకోండి.

ఇంకో గొంతు ఉండాలి. రెజ్యూమేలో పాత మేనేజర్ సెల్ నంబరు మీరే ఇచ్చి ఉంటే ముందు అది తీసేయండి. ఉద్యోగం చేసిన తేదీలు, హోదా నిర్ధారించుకోవడానికి కంపెనీ హెచ్ఆర్ మెయిల్ ఐడీ ఇవ్వండి. మన వైపు చాలా ప్లాంట్లలో హెచ్ఆర్ అని వేరే ఉండదు, హెడ్డాఫీసులో అకౌంటెంట్ గారే ఆ పనీ చూస్తారు. ఆయన అయితే ఇంకా మంచిది. అకౌంట్స్‌లో ఉండేవాళ్లకి మీ షిఫ్టు గొడవలతో పనిలేదు, రికార్డు చూసి తేదీలు చెబుతారు.

పని గురించి చెప్పేవాళ్లు వేరే కావాలి. మీతో రోజూ నిలబడ్డ ప్రొడక్షన్ ఇన్‌చార్జి, లేదా ఇంతకుముందు మీ పైన ఉండి ఇప్పుడు వేరే ప్లాంటుకు మారిపోయిన క్యూఏ మేనేజర్. మారిపోయినవాళ్లు బాగా పనికొస్తారు, వాళ్లకి పాత కంపెనీ మొహమాటం ఉండదు. ఈఐఏ (ఎగుమతి సరుకు తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) అప్రూవల్ ఉన్న టెక్నాలజిస్ట్ ఎవరైనా మీ పని చూసి ఉంటే ఆయన మాటకు ఎగుమతి కంపెనీల్లో బరువు ఉంటుంది. మీతోటి సూపర్‌వైజర్, మీ ఊరి ప్రెసిడెంట్ గారు, మీ బావగారి ఫ్రెండు పనికిరారు. నంబరు ఇచ్చేముందు వాళ్లకి ఫోన్ చేసి, ఏ కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, ఏ పోస్టు, పాత మేనేజర్‌తో ఏం జరిగింది అన్నీ చెప్పేయండి. తెలీని నంబరు నుంచి ఫోన్ వస్తే మనవాళ్లు ఎత్తరు. ఎత్తకపోతే అదొక అనుమానం.

అసలు కాగితమే లేని చోట కూడా ఇది పనిచేసింది. మండపేట వైపు ఒక రైసుమిల్లులో గుమస్తా, ఎన్నో ఏళ్లు చేశాడు. పీఎఫ్ లేదు, జీతం చేతికిచ్చేవారు. మానేశాక మిల్లు యజమాని 'లెక్కల్లో తేడా' అన్నారని ఊరంతా పాకింది. మరో మిల్లువాళ్లు నన్ను కనుక్కోమంటే నేను యజమానికి ఫోన్ చేయలేదు. ఆ మిల్లుకి ధాన్యం తోలే కమీషన్ ఏజెంట్లని అడిగాను. బస్తాల లెక్కలో, తరుగులో ఇతను ఎప్పుడైనా తేడా చేశాడా అంటే, ఒక పెద్దాయన నవ్వి, "తరుగు ఎక్కువ రాయమంటే రాయనన్నాడండీ, అందుకే పోయాడు" అన్నాడు. అంతకంటే మంచి రిఫరెన్స్ ఏముంటుంది!

పాత మేనేజర్ దగ్గరికి వెళ్లాలా? ఒక్కసారి వెళ్లండి. ముందు ఫోన్ చేసి వెళ్లండి. కంటైనర్ లోడింగ్ ఉన్న రోజు, ఆడిట్ రోజు అసలొద్దు, ఆ రోజు దేవుడు దిగొచ్చినా ఆయన విసుక్కుంటారు. చేతిలో ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పట్టుకెళ్లకండి. మర్యాదగా ఉంటుందనుకుంటారు గానీ తప్పు మీదే అని ఒప్పుకున్నట్టవుతుంది. పాత గొడవ తవ్వొద్దు. 'నా గురించి మంచిగా చెప్పండి' అనీ అడగొద్దు. ఇష్టంలేని మనిషి నోట మంచి అడిగితే వచ్చేది ఆ 'ఎందుకులెండి'యే. ఆయన కాదనలేనిది అడగండి: "సార్, నోటీసు డబ్బు కట్టేశాను. ఎవరైనా ఫోన్ చేస్తే నేను చేసిన తేదీలు, నా పోస్టు, డబ్బు దగ్గర ఏమీ లేదన్నది చెప్పండి. అంతకంటే ఏమీ అక్కర్లేదు." చాలామంది దీనికి సరేనంటారు. కోపం ఎన్నాళ్లని ఉంటుంది, ఆయనకీ రోజూ వంద తలనొప్పులు. సర్వీస్ సర్టిఫికెట్‌లో రాయాల్సిన నాలుగు లైన్లూ మీరే టైప్ చేసి పట్టుకెళితే, లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి సంతకం పెట్టడం వాళ్లకి సులువు.

ఆయన వినకపోతే ప్లాంటు యజమాని తరఫు మనిషి ఎవరైనా, మీ రెండువైపులా తెలిసిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే వాళ్ల ద్వారా చెప్పించండి. దానికి నామోషీ పడనక్కర్లేదు. ఇక్కడ చెరువు లీజు తగాదాల దగ్గర్నుంచి అన్నీ అలాగే తెగుతున్నాయి.

లాయర్ నోటీసు సంగతి. పాత ఉద్యోగి గురించి మంచి రిఫరెన్స్ ఇచ్చి తీరాలనే చట్టం మనకి లేదు. పెద్ద ప్లాంట్లకు వర్తించే స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే ఉద్యోగ నిబంధనల్లో, మానేసిన పర్మనెంట్ వర్కరుకు సర్వీస్ సర్టిఫికెట్ ఇవ్వాలన్న నిబంధన ఉంటుంది గానీ, పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం నెలకు 18,000 దాటి జీతం ఉన్న సూపర్‌వైజరు వర్కరు కింద రాడు. మీ జీతం ఎంతో మీరు రాయలేదు.

పరువునష్టం అంటారా, అది పాత ఐపీసీ 499 నుంచి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోకి వచ్చింది. అందులోనే మినహాయింపులు ఉన్నాయి. తన ప్రయోజనం కోసమో అవతలివాడి ప్రయోజనం కోసమో సదుద్దేశంతో చెప్పిన మాట పరువునష్టం కాదు. చట్టంలో దానికిచ్చిన ఉదాహరణ ఒక షాపు యజమానిది. ఆయన తన వ్యాపారం చూసే మనిషితో, ఫలానావాడు రొక్కం ఇస్తే తప్ప సరుకివ్వకు, వాడి నిజాయితీ మీద నాకు నమ్మకం లేదు అంటాడు. మీ మేనేజర్ తరఫు లాయరు మొదట పట్టుకునేది ఆ మినహాయింపులనే. పైగా ఫోన్లో అన్న 'ఎందుకులెండి'ని కోర్టులో ఎలా రుజువు చేస్తారు? మీ ఫ్రెండు సాక్ష్యానికి వస్తాడా? వస్తే వాడి ఉద్యోగం ఏమవుతుంది?

లాయర్ దగ్గరికి వెళ్లాల్సిన సందర్భం ఒకటుంది. మీరు దొంగతనం చేశారనో, లంచం తిన్నారనో అబద్ధం రాతపూర్వకంగా ఉంటే. మెయిల్లో గానీ, హెచ్ఆర్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో 'ఇతన్ని తీసుకోవద్దు' అని ఫొటోతో పెట్టిన మెసేజ్ గానీ ఉంటే స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, పంపినవారి నంబరు కనబడేలా దాచి, అప్పుడు వెళ్లండి. ఆ పరిస్థితిలో ఒక్క నోటీసుకే చాలాసార్లు మెసేజ్ డిలీట్ అవుతుంది, గ్రూపులో సారీ కూడా పడుతుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉండిపోయి ఉంటే అది వేరే విషయం, దాంట్లో మొహమాటం అక్కర్లేదు. ఆస్పత్రుల్లో నర్సులకి, కాలేజీల్లో లెక్చరర్లకి ఇది ఎక్కువ. అవి మీ సొత్తు, రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే ఫిర్యాదు పెట్టండి.

ఇక మీ ప్రశ్న కింద ఒకాయన 'మీ కజిన్‌తో వేరే కంపెనీ హెచ్ఆర్‌నని ఫోన్ చేయించి రికార్డ్ చేయండి' అని సలహా ఇచ్చారు. చేయకండి. ఇక్కడ ఏ ప్లాంటుకి ఎవరు హెచ్ఆరో అందరికీ తెలుసు. 'ఏ కంపెనీ అన్నారు? అక్కడ ఫలానా గారు కదా ఉండేది' అని రెండో నిమిషంలో దొరికిపోతారు. అప్పటిదాకా 'మధ్యలో వదిలేశాడు' అన్నవాళ్లకి కొత్త కథ మీరే అందించినట్టవుతుంది.

ఏమన్నారో తెలుసుకోవడానికి సూటి దారి ఉంది. మీ ఫ్రెండు పేరు ఎత్తకుండా ఆ మొదటి కంపెనీ హెచ్ఆర్‌కి ఒక మెసేజ్ పెట్టండి: "సార్, సెలక్షన్ ఆగింది కాబట్టి నా పాత కంపెనీ నుంచి ఏదైనా సందేహం వచ్చి ఉంటే, దానికి సంబంధించిన కాగితాలు నా దగ్గర ఉన్నాయి. పది నిమిషాలు టైమిస్తే వచ్చి చూపిస్తాను." నాకు ఇలాంటి మెసేజ్‌లు ఎప్పుడో గానీ రావు. వచ్చినవాళ్లని పిలిచాను, కొందర్ని తీసుకున్నాను కూడా. ఏజెన్సీతో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయించే పెద్ద కంపెనీ అయితే, రిపోర్టులో తేడా ఏమని వచ్చిందో మెయిల్లో అడగండి. తేదీలు తప్పు పడటం లాంటి చిన్న కారణాలే చాలాసార్లు ఉంటాయి.

ఈ చుట్టుపక్కల మాత్రమే వెతుకుతుంటే ఆ మేనేజర్ నీడ కొన్నాళ్లు వెంట ఉంటుంది, ఎందుకంటే అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. నెల్లూరు, విశాఖ, ఒడిశా, గుజరాత్‌లలో కూడా రొయ్యల ప్లాంట్లు ఉన్నాయి. అక్కడివాళ్లు మీ కాగితాలు, మీ పని చూస్తారు, ఆయన ఎవరో వాళ్లకి తెలీదు. ఇంట్లో ఇబ్బంది లేకపోతే ఒక ఏడాది అక్కడ చేసి రండి. తిరిగొచ్చేసరికి అడగాల్సిన పాత కంపెనీ మారిపోతుంది.

ఒకటి మాత్రం మీరు రాయలేదు. ఆ రిజిస్టర్ గొడవ ఒక్కటేనా, అంతకుముందు నుంచి కూడా లేటుగా రావడం, వర్కర్ల మీద అరవడం లాంటి మాటలు పడ్డాయా? పడి ఉంటే అవీ బయటికి వస్తాయి, వాటికీ జవాబు సిద్ధం చేసుకోవాలి. 'అప్పట్లో నైట్ షిఫ్టులో పీలింగ్ వాళ్లతో గట్టిగా మాట్లాడేవాణ్ణి, తర్వాత తగ్గించుకున్నాను' అని ఒప్పుకుంటే ఎవరూ తప్పుపట్టరు.

అలాగే అపాయింట్‌మెంట్ లెటర్ తీసి నోటీసు క్లాజు చదివి ఇక్కడ రాయండి. కొన్నింట్లో 'నెల నోటీసు లేదా దానికి తగిన జీతం' అని ఉంటుంది. అలా ఉంటే డబ్బు కట్టి వెళ్లే హక్కు మీకు మొదట్నుంచీ ఉన్నట్టే, ఆ పైన రాసిన మెయిల్ ఇంకా గట్టిగా రాయొచ్చు. 'తప్పనిసరిగా నెల పనిచేయాలి' అని ఉంటే మాటలు వేరేలా పెట్టాలి. ఏది ఉందో చెప్పండి, మెయిల్ ఎలా రాయాలో దాన్నిబట్టి చెబుతాను.